ఉద్యోగం పోయింది, మాయరా మాట ఇచ్చేశాం... ఇప్పుడెలా?

ప్రశ్న: మేం హైదరాబాద్ మార్వాడీలం. మా ముత్తాతగారు నిజాం కాలంలో నాగౌర్ వైపు నుంచి బేగంబజార్‌కి వచ్చి బట్టల కొట్టు పెట్టారు. నేను పుట్టి పెరిగింది అక్కడే. బడిలో తెలుగు చదువుకున్నాను కాబట్టే మీకిలా రాయగలుగుతున్నాను. మావారిది రాజస్థాన్‌లోని సీకర్. పదకొండేళ్ళుగా కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. పాపకి పదమూడు, బాబుకి ఎనిమిది. ఆయనది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది ఆయన మీద ఆధారపడిన హెచ్-4. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఎప్పుడో ఆమోదమైంది, వరుసలో ఉన్నాం. నేను పని పర్మిట్ తీసుకోలేదు.

మూడు వారాల క్రితం ఆయన టీమ్ మొత్తాన్ని తీసేశారు. రెండు నెలల జీతం ఒకేసారి ఇచ్చి పంపారు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని లైబ్రరీకి వెళ్ళి కూర్చుంటారు, సాయంత్రం ఆరింటికి వస్తారు. పిల్లలకి చెప్పొద్దన్నారు. సీకర్‌లో అత్తగారికి చెప్పొద్దన్నారు. ఇక్కడి మా రాజస్థానీ వాళ్ళకి అస్సలు తెలియకూడదంటారు. ‘బంధీ ముట్ఠీ లాఖ్ కీ’ అంటారు, గుప్పిట మూసి ఉన్నంతసేపే దానికి లక్ష విలువట.

మాది ఇరవై పాతిక కుటుంబాల గుంపు. జైపూర్, జోధ్‌పూర్, బికనేర్, ఝుంఝునూ వాళ్ళు. శనివారాలు ఎవరో ఒకరింట్లో దాల్-బాటీ, ఖాటూ శ్యామ్ భజనలు. హోళీ మర్నాటి నుంచి మా ఇంట్లో గణగౌర్ పూజ నడుస్తోంది. పాటలు మా అమ్మ నేర్పింది, అందుకని కొత్త కోడళ్ళంతా నా దగ్గరికే వస్తారు. ఉగాది వెళ్ళిన రెండో రోజున గణగౌర్. ఆ వారాంతం పార్కులో ఈసర్, గౌరీ (శివపార్వతుల) ఊరేగింపు. భోజనాల ఖర్చు సగం మాదేనని ఆయన జనవరిలోనే ఒప్పుకున్నారు.

అక్షయ తృతీయ నాడు చూరూలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. మేనమామగా మాయరా, అంటే పెళ్ళికి పుట్టింటి తరఫు కానుకలు ఆయనే తేవాలి. పదిహేను లక్షలని మాట ఇచ్చేశారు. ఇప్పుడేమో గుంపులో ఇద్దరికి ‘ఇల్లు కొంటున్నాం’ అని చెప్పి అప్పు తీసుకుందాం, చాలకపోతే నీ నగలున్నాయిగా అంటున్నారు. కచోరీలు, ఘేవర్ ఆర్డర్ల మీద చేసి అమ్ముదామా అని నేను ఆలోచిస్తున్నాను. మొన్న రాత్రి ఆయన నిద్రపోకుండా కూర్చుని, ‘నేను లేకపోతేనే మీరు హాయిగా ఉంటారేమో’ అన్నారు. మా అమ్మకి కూడా చెప్పుకోలేదు. ఆయన మాట దాటి ఎవరికైనా చెప్పాలా?
ఫ్రీమాంట్ నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను, మిగతావన్నీ దాని తర్వాతే. ‘నేను లేకపోతేనే’ అన్న మాటని విసుగులో అన్నదిగా వదిలేయకండి. నెల తిరక్కుండా ఉద్యోగం పోయి, నిద్ర పోయి, పగలంతా ఎవరితోనూ మాట్లాడకుండా లైబ్రరీలో కూర్చుంటున్న మనిషి అన్న మాట అది. ఈ రాత్రే, పిల్లలు పడుకున్నాక పక్కన కూర్చుని సూటిగా అడగండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని ఆ మాటతోనే అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. తన లోపల ఉన్నది ఒకరు పేరు పెట్టి అడిగారని తెలిస్తే మనిషి కొంత తేలికపడతాడు.

ఆయన అవునన్నా, జవాబివ్వకుండా తల తిప్పుకున్నా, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళకి సాయం చేసే 988కి ఫోన్ చేయండి. 2022 జూలై నుంచి అమెరికా అంతటా పనిచేస్తున్న నంబరు అది. రాత్రీ పగలూ ఉంటారు, మెసేజ్ కూడా పెట్టవచ్చు. పేరు చెప్పక్కర్లేదు, వీసా సంగతికీ దానికీ సంబంధం లేదు. ఆయన్ని ఒంటరిగా వదిలితే ప్రమాదమని మీకనిపించిన క్షణాన అత్యవసర నంబరు 911. ఈ ఒక్క విషయంలో మాత్రం మీరు ఆయనకిచ్చిన మాట చెల్లదు. ఆయన కోప్పడినా సరే, నమ్మకమైన స్నేహితుడొకర్ని ఇంటికి పిలవండి. ప్రాణం దగ్గర పరువు లెక్కలోకి రాదు.

అలాంటి ఆలోచన లేదని ఆయన అన్నా డాక్టరు అవసరం ఉంది. నిద్ర కూడా సరిగా లేదు కదా. కంపెనీ ఇన్సూరెన్స్ ఏ రోజుతో ఆగిపోతుందో వాళ్ళిచ్చిన కాగితాల్లో చూడండి. చాలా కంపెనీల్లో అది ఆ నెలాఖరుకే అయిపోతుంది. కోబ్రా చట్టం కింద పాత పాలసీనే కొనసాగించుకోవచ్చు, కానీ ఖర్చు ఎక్కువ. రాష్ట్ర ఇన్సూరెన్స్ మార్కెట్ ‘కవర్డ్ కాలిఫోర్నియా’లో కొత్తది తీసుకోవడానికి పాతది పోయిన రోజు నుంచి 60 రోజుల వ్యవధి ఉంటుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇన్సూరెన్స్ లేకుండా ఒక్క నెల కూడా గడపకండి.

ఇక తేదీల సంగతి. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఎక్కువ కంగారు పుట్టించింది ఇదే, ఎందుకంటే మీరిద్దరూ దీని గురించి మాట్లాడుకుంటున్నట్టు అందులో ఎక్కడా లేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం ముగిశాక గరిష్ఠంగా 60 రోజులే గడువు. దేశంలో ఉండటానికి అనుమతిచ్చే ఐ-94 గడువు అంతకంటే ముందే అయిపోతే అప్పటివరకే. లెక్క ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి మొదలవుతుంది. ఒకేసారి చేతికిచ్చిన రెండు నెలల జీతం ఆ లెక్కని ముందుకి జరపదు. ‘ఇంకా రెండు నెలలు జీతం ఉంది, ఆ తర్వాత అరవై రోజులు’ అని మీవారు గనక మనసులో అనుకుంటూ ఉంటే అది పెద్ద పొరపాటు. కొన్ని కంపెనీలు మాత్రం పని ఇవ్వకుండానే నోటీసు కాలమంతా జీతాల పట్టీలో ఉంచుతాయి, అప్పుడు తేదీ మారుతుంది. మీది ఏదో ఆ కాగితం చూసి ఇమ్మిగ్రేషన్ లాయరే చెప్పాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యే సలహాలు నమ్ముకోవద్దు.

ఆ గడువులోగా కొత్త కంపెనీ ఆయన పేరు మీద పిటిషన్ వేస్తే, ఆమోదం దాకా ఆగకుండానే పనిలో చేరవచ్చు. అది కుదిరేలా లేకపోతే గడువు లోపలే స్టేటస్ మార్పుకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఊరట కలిగించే మాట ఒకటుంది. మీ ఐ-140 ఆమోదమై 180 రోజులు దాటిపోయింది కాబట్టి, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా మామూలుగా వరుసలో మీ తేదీ మీదే. పదకొండేళ్ళు వృథా అయిపోయాయని ఆయన కుమిలిపోతుంటే ఈ మాట లాయరు నోటి నుంచే వినిపించండి.

ఇక్కడే పెళ్ళి సంగతి వస్తుంది. గణగౌర్ చైత్ర తదియ, ఆఖా తీజ్ (అక్షయ తృతీయ) వైశాఖ తదియ, మధ్యలో సరిగ్గా ఒక నెల. మీరు రాసిన దాన్ని బట్టి ఆయన 60 రోజులూ, పెళ్ళి ముహూర్తమూ దాదాపు ఒకే వారంలో పడుతున్నాయి. ఉద్యోగం లేకుండా దేశం దాటితే ఆ గడువు అక్కడితో సరి. పాస్‌పోర్టులో స్టాంపు ఉన్నా, మానేసిన కంపెనీ పేరు మీద తిరిగి రాలేరు. స్టేటస్ మార్పుకి దరఖాస్తు పెట్టి వెళ్తే దాన్ని వదులుకున్నట్టే లెక్క. అంటే పదిహేను లక్షలు ఎక్కడి నుంచో తెచ్చినా, ఆయన చూరూ పెళ్ళిపందిట్లో నిలబడగలరో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఈ సంగతి మీ ఆడపడుచుకి ఎప్పుడు తెలియాలి? పెళ్ళికి మూడు రోజుల ముందు, ‘టిక్కెట్ దొరకలేదు’ అన్న అబద్ధంతోనా?

ఇప్పుడే తెలియాలి. మీరడిగిన ప్రశ్నకి నా సమాధానం ఇదేనమ్మా. మొదట చెప్పాల్సింది ఆవిడకే, చెప్పాల్సింది మీవారే. మీరు ఆయన వెనక నుంచి చెప్పొద్దు. ఆయన పక్కన మీరు కూర్చోండి.

మాయరా అంటే ఏమిటో తెలుగువాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు, పెళ్ళిలో మేనమామ లేనిదే మాకూ జరగదు. మాయరాలో డబ్బు, నగలు, వియ్యాలవారందరికీ బట్టలు పెట్టే మాట నిజమే. కానీ అసలు తంతు ఏమిటి? అక్క గుమ్మంలో హారతి పళ్ళెంతో నిలబడుతుంది, తమ్ముడు ఆమె తల మీద చునరీ కప్పుతాడు. పుట్టింటివాళ్ళు నా వెనక ఉన్నారని అత్తింటివాళ్ళ ముందు ఆమె చెప్పుకోగలిగే ఘడియ అది. ఈమధ్య నాగౌర్ వైపు కోట్ల రూపాయల మాయరాల వీడియోలు ఊరూరా తిరుగుతున్నాయి. వాటిని చూసి ఎంత మంది అన్నదమ్ములు అప్పులపాలవుతున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

మాయరా అనగానే మీవాళ్ళు తలుచుకునే కథ నర్సీ మెహతాది. కూతురు నానీబాయి ఇంట పెళ్ళికి మాయరా తేవాల్సిన తండ్రి, చేతిలో చిల్లిగవ్వ లేదు. వియ్యాలవారు కావాలనే పెద్ద జాబితా రాసి పంపారు. ఆయన పాత బండి కట్టుకుని సాధువుల్ని వెంటబెట్టుకుని అలాగే బయల్దేరాడు. కృష్ణుడే సేఠ్ రూపంలో వచ్చి మాయరా నింపాడంటారు. మీవారిని దేవుడి కోసం చూస్తూ కూర్చోమని నేను అనడం లేదు. ఖాళీ చేతులతో వచ్చిన నర్సీని మీవాళ్ళు వందల ఏళ్ళుగా భక్తితో పాడుకుంటున్నారు, ఎగతాళి చేసిన వియ్యాలవారిని ఎవరూ పొగడలేదు. మీ అత్తగారికీ, ఆడపడుచుకీ ఈ కథ మనకంటే బాగా తెలుసు. ఆయన భయపడుతున్నంత కఠినంగా వాళ్ళు ఉండరనే నా నమ్మకం.

ఇంకో సంగతి. పెళ్ళికి ముందు అక్క పుట్టింటికి వచ్చి బత్తీసీ అనే పిలుపు తంతు జరిపి తమ్ముణ్ణి మాయరాకి పిలుస్తుంది కదా. ఆ పిలుపు రాకముందే ఈ మాట చెప్పడం మర్యాద. పిలిచాక, వియ్యాలవారికి లెక్క చెప్పేశాక చెబితే ఆవిడ ఇరుకున పడుతుంది. మీవారు ఇలా మొదలుపెట్టవచ్చు: ‘జీజీ, నా ఉద్యోగం పోయింది. వెతుకుతున్నాను. పదిహేను లక్షలు ఈ పెళ్ళికి నావల్ల కాదు. చునరీ మాత్రం తప్పకుండా వస్తుంది. నేను రాలేకపోతే ఎవరి చేత పంపమంటావో నువ్వే చెప్పు.’ బాబాయిల కొడుకులు, పెద్దనాన్న కొడుకులు ఉంటారు, వాళ్ళలో ఒకరు తీసుకెళ్ళవచ్చేమో ఆవిడనే అడగండి. ఎంత ఇవ్వాలన్నది మీ ఇద్దరూ ముందే కూర్చుని తేల్చుకోండి. ఆరు నెలల అద్దె, తిండి, ఇన్సూరెన్స్, లాయరు ఫీజు పక్కన పెట్టాక మిగిలిన దాంట్లోంచే అది రావాలి. ఆ లెక్క రాకముందు ఫోన్‌లో మరో అంకె చెప్పొద్దు.

ఆవిడ ఏడవవచ్చు, కోప్పడవచ్చు. అత్తగారు ‘మా పరువు తీశావు’ అనవచ్చు. అంటే అననివ్వండి. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ చేయండి.

అప్పు విషయంలో మాత్రం నేను కచ్చితంగా చెబుతున్నాను, వద్దు. అప్పు చేయడం తప్పని కాదు. మీ వ్యాపారుల ఇళ్ళలో మాట మీద లక్షలు చేతులు మారేవంటే, తీసుకునేవాడు తన పరిస్థితి దాచడన్న నమ్మకం మీదే. ‘ఇల్లు కొంటున్నాం’ అని అబద్ధం చెప్పి తీసుకుంటే, నిజం తెలిసిన రోజున ఆ స్నేహితులకి పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఇప్పటిదాకా మీవారు దాచుకున్నది తన బాధని. దాన్ని నేను అర్థం చేసుకోగలను. అబద్ధం చెప్పి డబ్బు తీసుకోవడం మాత్రం ఇంకొకరికి చేసే అన్యాయం. ఇందులో మీరు పాలు పంచుకోనని మెల్లగా, గట్టిగా చెప్పండి. మీ నగలు కూడా లాకర్లోనే ఉండనివ్వండి. అవి మీ స్త్రీధనం. రేపు నిజంగా అద్దె కట్టలేని రోజు వస్తే అప్పుడు మీరు ఇష్టపడి తీస్తారు, అది వేరు. ఆడపడుచు వియ్యాలవారికి చీరలు పెట్టడానికి మాత్రం వద్దు.

కచోరీల ఆలోచన మంచి మనసుతో వచ్చిందే, కానీ పని పర్మిట్ లేకుండా డబ్బు తీసుకుని ఏ పని చేసినా మీ స్టేటస్‌కే చేటు. మీ గ్రీన్‌కార్డు ఆశ మీదే మచ్చ పడుతుంది. ఐ-140 ఆమోదమైన వాళ్ళ భార్యలకి, భర్తలకి 2015 నుంచి పని పర్మిట్ అడిగే వీలుంది. ఆయనకి కొత్త ఉద్యోగం కుదరగానే మీరు చేయాల్సిన మొదటి పని ఆ దరఖాస్తు. ఇంటి బరువంతా ఒక్క మనిషి జీతం మీద, ఒక్క మనిషి వీసా మీద ఉండటం ఎంత ప్రమాదమో ఇప్పుడు మీరే చూస్తున్నారు.

ఇక మీ గుంపు. వాళ్ళకి తెలియకూడదని ఆయన ఎందుకంత పట్టుదలగా ఉన్నారో ఊహించగలను. శనివారం బాటీలు కాలుతుంటే మగవాళ్ళ మాటలన్నీ షేర్ల చుట్టూ, మౌంటెన్ హౌస్ ఊళ్ళో ఎవరు ఇల్లు కొన్నారన్న దాని చుట్టూ తిరుగుతుంటాయి. అక్కడ ‘నా ఉద్యోగం పోయింది’ అనడానికి చాలా ధైర్యం కావాలి. అందరి ముందూ ప్రకటించమని నేను అనను. అయితే ఒక్కసారి వెనక్కి చూడండి. రాజస్థాన్‌లోని షేఖావాటీ నుంచి కలకత్తా వెళ్ళిన కుర్రాళ్ళు మొదట్లో ఎక్కడ తిన్నారు, ఎక్కడ పడుకున్నారు? సొంతవాళ్ళ బాసాల్లో, అంటే కలిసి తిని ఉండే వసతుల్లో. పని దొరికేదాకా, వ్యాపారం నిలబడేదాకా వాళ్ళని కాసింది ఆ వంటిళ్ళే. మీ ముత్తాతగారు బేగంబజార్ వచ్చినప్పుడు కూడా ముందుగా వచ్చినవాళ్ళెవరో చేయి పట్టుకునే ఉంటారు. మీవాళ్ళ గుంపులు పుట్టింది ఇలాంటి రోజుల కోసమే. గణగౌర్ ఊరేగింపులు, దాల్-బాటీ విందులు ఆ బంధం నిలిచి ఉండటానికి. ఆయన సరిగ్గా అవసరమైన రోజున ఆ తలుపు తానే మూసుకుంటున్నారు.

2022 చివరి నుంచి బే ఏరియాలో ఎన్ని కంపెనీలు ఎంతమందిని తీసేశాయో మీకు తెలుసు. పాతిక కుటుంబాల్లో ఒకరిద్దరైనా దీన్ని దాటి వచ్చినవాళ్ళు ఉండే ఉంటారు. అలాంటివాళ్ళలో ఇద్దర్ని ఎంచుకోమనండి, అదే రంగంలో పనిచేస్తూ, విన్నది కడుపులో దాచుకోగలిగినవాళ్ళని. వాళ్ళ కంపెనీల్లో రెఫరల్ అడగమనండి. లైబ్రరీలో ఒంటరిగా వంద దరఖాస్తులు పంపడం కంటే లోపలి మనిషి ఒకరు పేరు చెప్పడం ఎక్కువ పని చేస్తుంది. అరవై రోజుల్లో ఇరవై పైన అయిపోయాయి కాబట్టి ఇందులో మొహమాటానికి చోటు లేదు.

పార్కులో భోజనాల ఖర్చు గురించి నిర్వాహకులకి ఈ వారమే ఒక మాట చెప్పేయండి. ‘ఈసారి మావల్ల కాదు. పూజ, పాటలు ఎప్పటిలాగే నేను చూసుకుంటాను’ అంటే చాలు, కారణం చెప్పాల్సిన పని లేదు. అందరూ తలో వంటకం తెచ్చుకున్నా గణగౌర్ గణగౌరే. ఆ కొత్త కోడళ్ళు మీ ఇంటికి వస్తున్నది మీ అమ్మ నేర్పిన పాటల కోసం, భోజనానికి ఎవరు డబ్బు కట్టారని కాదు.

పాపకి పదమూడేళ్ళు. ఆమెకి ఇప్పటికే ఏదో తేడా కనిపించే ఉంటుంది. పిల్లలు ఊహించుకునేది నిజం కంటే భయంకరంగా ఉంటుంది, చాలాసార్లు అమ్మానాన్నలు విడిపోతున్నారేమోనని అనుకుంటారు. ‘నాన్న ఉద్యోగం పోయింది, కొత్తది వెతుకుతున్నారు, కొన్నాళ్ళు ఖర్చు తగ్గించుకుంటాం, నీ తప్పేం లేదు’ అని ఇద్దరూ కలిసి చెప్పండి. బాబుకి ఇంకా చిన్న మాటల్లో. ఇండియా వెళ్ళిపోవాల్సి రావచ్చా అని పాప అడిగితే అబద్ధం చెప్పొద్దు. రావచ్చు, వస్తే అందరం కలిసే వెళ్తాం అనండి. ఆ రోజు నుంచి మీవారు పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్ళాల్సిన అవసరం ఉండదు, ఆయన నిద్రకి అదే సగం మందు.

ఇదంతా ఆయనతో ఎలా మొదలుపెట్టాలంటారా? వాదనగా వద్దు. ‘మీరు చెప్పొద్దన్నారు కాబట్టి మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. ఇకమీదట నేను ఎవరికీ పోయి చెప్పను, కానీ ఎవరైనా అడిగితే అబద్ధం ఆడలేను. మీరు జీజీకి చెప్పేటప్పుడు నేను మీ పక్కనే ఉంటాను’ అనండి. ఒక్క రాత్రిలో ఒప్పుకోకపోవచ్చు. రెండు మూడు రోజులు ఆగండి, అంతకంటే ఎక్కువ ఆగడానికి ఈ తేదీలు ఒప్పుకోవు.

మీ సంగతి కూడా ఉందమ్మా. రోజూ పూజలో పాడుతూ, నవ్వుతూ, లోపల ఇంత మోస్తున్నారు. హైదరాబాద్‌లో ఉన్న మీ అమ్మకి చెప్పుకుంటానని ఆయనకి ముందే చెప్పి, ఆవిడకి ఫోన్ చేయండి. డబ్బు అడగడానికి కాదు, మీ మాట వినడానికి ఒకరు కావాలి.

లాయరు అపాయింట్‌మెంట్ మాత్రం ఆయన తీరిక చూసుకుని తీసుకుంటారులే అని వదలకండి. రేపు పొద్దున పిల్లల్ని బడిలో దింపగానే మీరే ఫోన్ చేసి ఈ వారంలోనే సమయం అడగండి. ఉద్యోగం ముగిసినట్టు కంపెనీ ఇచ్చిన ఉత్తరం, ఆఖరి జీతం చీటీ, ఐ-140 ఆమోదం, నలుగురి ఐ-94లు ఒక ఫైల్లో పెట్టుకుని ఇద్దరూ కలిసి వెళ్ళండి.